మోతి ఎడమకన్ను కింద

మోతి గడ్డం నా అరచేతిలో ఉంది. దాని ఊపిరి నా మణికట్టుకి వేడిగా తగులుతోంది. ఎదురుగా మా బావ ముక్కాలిపీట మీద కూర్చుని, కుంచెను పళ్ల మధ్య అడ్డంగా కరిచిపట్టుకుని, ఒక కన్ను మూసి ఆ కుక్కనే చూస్తున్నాడు. మా బావ అంటే మా మేనమామ కొడుకు, నన్ను కట్టుకున్నవాడు, పెయింటరు కూర్మారావు అంటే విజయనగరంలో బోర్డు రాయించుకున్న ప్రతి కొట్టువాడూ ఎరుగును. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఆ సంగతి నాకు గుర్తుంది, ఆయనకీ గుర్తున్నట్టే ఉంది, అయినా ఇద్దరం ఆ మాట ఎత్తడం లేదు, పెళ్లివారింట్లో పప్పులో ఉప్పెక్కువైన సంగతి ఎవరూ ఎత్తనట్టు.

"గడ్డం దిగిపోతంది గున్నా, ఎత్తు" అంటున్నాడు. పెళ్లినాటినుంచీ నన్ను గున్న అనే పిలుస్తాడు.

"ఎంతసేపని ఎత్తుతాను బావా, సెయ్యి నొప్పెడతంది. దానికో కుర్సీ ఎయ్యలేకపోనావా?"

"కుర్సీ ఏస్తే అది దొరసానైపోద్ది. ఇంట్లో ఒకర్తి సాలదేటి?"

నాకు నవ్వొస్తోంది. నవ్వితే మోతి తల కదులుతుంది, కదిలితే మళ్లీ తిట్టు తినాలి, అందుకని నవ్వు పొట్టలో బిగపట్టుకుని చుట్టూ చూస్తున్నాను. ఇది మా పాత పెంకుటింటి వసారాయే. కానీ కాళ్ల కింద గచ్చుకి బదులు ఏటి ఇసకలా మెత్తగా, చల్లగా ఏదో ఉంది. గోడకి ఆనించిన బోర్డుల మీద అక్షరాలు ఒకటొకటిగా దిగి, చీమల బారులా గుమ్మం దాటి వెళ్లిపోతున్నాయి. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని, కూడబలుక్కుని చదివేలోగా అవి వెళ్లనే వెళ్లిపోతాయి, అయినా ఆయన రాసిన అక్షరమైతే దాని నడుము వంపు చూసి పోల్చుకుంటాను. పోతున్నవాటిని ఆయన ఆపడం లేదు. ఆయన చూపంతా కుక్క మీదే.

ఆయన పక్కన నేల మీద బిస్కెట్ల డబ్బా తెరిచి ఉంది. అందులో బిస్కెట్లు ఉండేవి కావు, ట్యూబు రంగులు. విశాఖపట్నం వెళ్లి కొని తెచ్చుకున్నవి. తెచ్చి పదకొండేళ్లపాటు ఒక్క ట్యూబు మూతా తియ్యలేదు. ఆయన బతుకంతా డబ్బా రంగు, అంటే బోర్డులకి, తలుపులకి వేసే ఎనామిలు రంగు, మందుల కొట్లు, బట్టల కొట్లు, లారీల వెనక కొబ్బరిచెట్లూ లేళ్లూ. నూనె రంగులతో ఒక్క బొమ్మ వెయ్యాలని మనసు. ఎవరైనా అడిగి వేయించుకుంటేనే వేస్తానని పట్టుదల. ఎవరు అడుగుతారు? మా వీధిలో బొమ్మ కావలసినవాడు కేలెండరు తెచ్చి గోడకి తగిలించుకుంటాడు. మూడు నెలలకోసారి ఆ డబ్బా దించి, ట్యూబులు గట్టిపడలేదు కదా అని వేళ్లతో నొక్కి చూసి, మళ్లీ అటక మీద పెట్టేవాడు, చంటిపిల్ల నిద్ర పోతుందో లేదో చూసినట్టు.

అడిగినావిడ ఎస్తేరమ్మగారు. ఇదిగో, ఆవిడా ఇక్కడే ఉన్నారు, నేనిప్పుడే చూస్తున్నాను, వసారా మెట్టు మీద గొడుగు ఒళ్లో పెట్టుకుని, తెల్లచీరకి మడత పడకుండా ఒద్దికగా కూర్చున్నారు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు చేసి రిటైరైన మనిషి. పెళ్లి లేదు, పిల్లలు లేరు, కంటోన్మెంటు వైపు రెండు గదుల ఇంట్లో ఆవిడా, ఈ మోతీ. మోతికి అప్పటికే పదమూడేళ్లు, ఎక్కువ రోజులు ఉండదని పశువుల డాక్టరు చెప్పేశాడు. ఫొటో తీయిస్తే కళ్లు కనపడకుండా బెల్లపుముద్దలా పడిందట. రోజూ పొద్దున్నే కుక్కని నడిపించుకుని మా ఇంటికి వచ్చి, ఈ మెట్టు మీదే కూర్చుని, రెండు నెలలు ఓపిక పట్టారు.

"కూర్మారావూ, కుక్క బొమ్మ అందరూ వేస్తారు" అంటున్నారు ఆవిడ, అప్పుడన్న మాటే. "నాకు మా మోతి కావాలి. అది నా చెప్పుల చప్పుడు విన్నప్పుడు ఎలా చూస్తుందో అలా."

"అలాగేనమ్మా, ఆ సూపే పట్టుకుంటన్నాను. మా ఆడది దాని గడ్డం దించీకుండా ఉంటే పట్టీసినట్టే."

"అన్నిటికీ నానే దొరికినాను" అంటున్నాను నేను.

అని, వెంటనే ఆయన మొహంవైపు చూస్తున్నాను. ఎందుకంటే ఆయనకి నేను ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్లుగా చెప్పాలి. ఆయన ఉన్నన్నాళ్లూ చెప్పలేదు, పోయాక ఎవరికి చెప్పను, ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఈ అక్షరాలన్నీ గుమ్మం దాటిపోయేలోగా చెప్పకపోతే ఆయనా వాటి వెనకే లేచిపోతాడని నాకెందుకో గట్టిగా తెలుస్తోంది.

"బావా, ఒక మాట."

"ఆ నూనెసీసా ఇటందుకో."

అవిసెనూనె సీసా అందిస్తున్నాను. నా చేతిలోంచి ఆయన చేతిలోకి వెళ్లేలోగా అది ఆముదం సీసా అయిపోతోంది, అదే జిడ్డు, అదే వాసన. మా అమ్మాయి వరాలు మొదటి కాన్పుకి పుట్టింటికొచ్చినప్పుడు నేను ప్రమిదలో ఆముదం పోసి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టి, ఆ మసిలో మళ్లీ ఆముదం వేసి మెదిపి కాటుక చేశాను చూడండి, ఆ వాసన. ఆయన సీసా తీసుకుని మూత వాసన చూసి కింద పెడుతున్నాడు.

వరాలు బిడ్డకి అప్పుడు నెల దాటింది. మోతి బొమ్మ పూర్తయిందీ ఆ వారమే. పూర్తయిందని ఆయన నోటితో అనలేదు, కుంచెలన్నీ కడిగి వరసగా ఆరబెట్టి, చుట్ట కాల్చుకోవడానికి వీధిలోకి వెళ్లాడు, దాన్నిబట్టి తెలిసింది. పక్కింటి బంగారమ్మ తొంగి చూసి, "ఓలమ్మో, మొరిగీసేలాగున్నాదే!" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. బంగారమ్మ నోరు మంచిదే, కన్నే మంచిది కాదు. ఆవిడ మెచ్చుకున్న పొట్లపాదు ఆ సాయంత్రమే వాడిపోయిందని మా వీధంతా అనుకునేది. ఆవిడ అటు వెళ్లింది, నేను బిడ్డకి స్నానం చేయించి, బుగ్గన దిష్టిచుక్క పెట్టి బయటికొచ్చాను. వేలికి కాటుక ఇంకా మిగిలి ఉంది. మోతి నన్ను చూస్తోంది. బొమ్మలోని మోతి. ఆ కంట్లో ఆయన పెట్టిన తెల్లటి మెరుపు ఎంత తడిగా ఉందంటే, నా గుండె ఝల్లుమంది. అయ్యో, పదకొండేళ్లు దాచుకున్న కోరిక, ఒక్క చూపుతో పోతుందేమోనని, చంటిబిడ్డకి పెట్టినట్టే, ఎడమకన్ను కింద ఆవగింజంత చుక్క పెట్టేశాను. గోధుమరంగు జూలులో అసలు కనపడనే లేదు. పెట్టి, మిగిలిన కాటుక తలకి రాసుకుని, అన్నం వార్చడానికి వెళ్లిపోయాను.

డబ్బా రంగయితే రాత్రికి ఆరిపోతుంది, తెల్లారి చేత్తో తడిమినా అంటదు. అదే నాకు తెలిసిన రంగు. నూనె రంగు పైన పొర కట్టినా లోపల నెలల తరబడి పచ్చిగా ఉంటుందని, ఆముదం కాటుక అందులోకి దిగి పాకుతుందని నాకెవరు చెప్పారు? రెండు రోజులకి ఆవగింజ చింతగింజ అయింది. ఆయన మళ్లీ అద్దాలు పెట్టుకుని దాని మీద గోధుమరంగు వేశాడు. పొద్దున్నకి కింద నలుపు పైకొచ్చింది. మళ్లీ వేశాడు, మళ్లీ వచ్చింది. కన్ను సగం మునిగిపోయింది.

"బావా" అంటున్నాను మళ్లీ.

కానీ ఇప్పుడు వసారా లేదు. ఇద్దరం రిక్షాలో ఉన్నాం, తొక్కే మనిషి లేకుండానే అది కోట పక్కనుంచి మెల్లగా దొర్లుతోంది, మధ్యాహ్నపు ఎండ పాలలా పలచగా ఉంది. మా ఇద్దరి మోకాళ్ల మీద తెల్లదుప్పట్లో చుట్టిన బొమ్మ. మోతి కాళ్ల దగ్గర పడుకుని ఉంది. ఎస్తేరమ్మగారు ముందు గొడుగేసుకుని నడుస్తున్నారు, ఆవిడ చెప్పుల చప్పుడు వినపడినప్పుడల్లా మోతి చెవులు లేస్తున్నాయి. మేమెక్కడికి వెళుతున్నామో నాకు తెలుసు. ఆవిడ ఇంటికి, చేతకాలేదని చెప్పడానికి. నిజంగా ఆ రోజు ఆయన ఒక్కడే వెళ్లాడు, బొమ్మ లేకుండా, వట్టి చేతులతో. ఆవిడ కోప్పడలేదట. టీ ఇచ్చి, "పోనీలే కూర్మారావూ, నువ్వు కష్టపడ్డావు" అన్నారట. తరవాత పంతొమ్మిది రోజులకి మోతి పోయింది.

ఆయన తిరిగొచ్చి, చొక్కా విప్పి కొయ్యకి తగిలించి, గరిటెలాంటి కత్తితో ఆ గుడ్డ మీది రంగంతా గీకేశాడు. ముందు చెవులు, తరవాత మెడ, చివరికి ఆ రెండో కన్ను, బాగున్న కన్ను. పెళ్లలు పెళ్లలుగా రాలింది. చీపురు పెట్టి ఎత్తింది నేనే.

"నా కన్ను పోనాదే గున్నా. నలుపేదో గోధుమేదో తెలకుండా కలిపీసినాను" అని ముందన్న మాటే మళ్లీ అన్నాడు. ఇంకెప్పుడూ ఆ డబ్బా అటక మీంచి దించలేదు.

రిక్షా ఒక పక్కకి ఒరుగుతోంది. ముందు గొడుగు చిన్నదవుతోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంక లేదు.

"బావా, నీ కన్ను పోనేదు."

"ఆఁ?"

"మోతి కన్ను కింద నలుపు నువ్వు సేసింది కాదు. నాను పెట్టినాను. దిష్టిసుక్క."

ఆయన నావైపు తిరుగుతున్నాడు. నలభై ఎనిమిదేళ్లప్పటి మొహం, కానీ మెడ దగ్గర ముడతలు ఆఖరి రోజులవి.

"కుక్కకా?"

"బంగారమ్మ సూసిందని."

"కుక్కకి దిష్టిసుక్కేటే!" అని నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వితే భుజాలు ఊగుతాయి, భుజాలు ఊగితే రిక్షా ఊగుతోంది, మోతి కూడా లేచి తోకాడిస్తోంది. "సెప్పుల దండ కూడా కట్టలేకపోనావా, గుమ్మడికాయ దిగదుడవలేకపోనావా! ఓలమ్మ ఓలమ్మ, ఎంత?"

"ఆవగింజంతే బావా."

"దేంతో?"

"వరాలు బిడ్డకి పెట్టిన కాటుకతోటే."

"ఆముదందా?"

"ఆముదందే."

నవ్వు ఆగిపోయింది. ఎలా ఆగిందంటే, పొయ్యి మీద నీళ్లు చల్లినట్టు. ఆయన తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, గోళ్ల సందుల్లో ఇంకా గోధుమరంగు ఉంది.

"అయితే నాను కలిపిన రంగు మంచిదే."

"మంచిదే బావా."

"పొద్దున్న లేచి సూస్తే నలుపు పైకొచ్చినట్టు కనపడీది. అది నిజింగా వొచ్చినాదన్నమాట. నా కంటికి ఉన్నదే కనపడ్డాది."

"ఉన్నదే కనపడ్డాది."

"ఆ తరవాత నానెన్నేళ్లు బతికినానే?"

ఆ లెక్క నాకు నోటికే వచ్చు. "ఇరవయ్యారు."

"ఇరవయ్యారు" అంటున్నాడు. కోపంగా కాదు. దుకాణం పేరు ఎంత పొడుగో మనసులో కొలుచుకుని, బోర్డులో పడుతుందా పడదా అని చూసేటప్పుడు అనేవాడు, అలా. "ఇరవయ్యారేళ్లకి ఎన్ని బొమ్మలేసీవోణ్ణే?"

ఎన్నో నాకెలా తెలుస్తుంది? రిక్షాకి రెండు పక్కలా గోడలు లేచాయి, వాటి నిండా చట్రాలు, ఒక్కదాంట్లోనూ బొమ్మ లేదు, బిగించిన తెల్లటి గుడ్డలే. వాటి పక్కనుంచి పోతుంటే ఒక్కొక్కటీ తలుపు తీసిన గదిలా చల్లగాలి విసురుతోంది. నేను ఆయన మోచెయ్యి పట్టుకుంటున్నాను.

"అప్పుడే ఎందుకు సెప్పనేదే?"

"నువ్వడగనేదు బావా. 'ఎవులు ముట్టుకున్నారు' అని ఒక్క మాట అడిగితే సెప్పీసేదాన్ని. తిట్టినా పడీదాన్ని. కొట్టినా పడీదాన్ని."

"నాకు నీ మీద అనుమానం రానేదే" అంటున్నాడు. "నా మీదే వొచ్చినాది."

ఉన్నది చెబుతున్నాను. నలుపు పాకిన మొదటిరోజు భయమేసింది. రెండోరోజు, రంగు వేస్తే పోతుందిలే అనుకున్నాను. అది మళ్లీ మళ్లీ పైకొచ్చాక నువ్వు నా కన్ను పోయిందన్నావు, అప్పుడు చెబితే నీకు నా మీద కోపమొస్తుంది, చెప్పకపోతే నీ మీద నీకే జాలి, కోపం కంటే జాలే నయమనుకున్నాను, తెలివితక్కువదాన్ని. తరవాత నువ్వు గీకేశావు. గీకేశాక చెప్పి ఏం లాభమని నోరు కుట్టేసుకున్నాను. ఏడాదయ్యాక ఏడాదయిందిగా అనుకున్నాను. పదేళ్లయ్యాక ఇప్పుడెందుకనుకున్నాను. ఆసుపత్రిలో నీ కాళ్లు పడుతూ ఒకసారి నోటిదాకా వచ్చింది, నువ్వు మంచినీళ్లడిగావు.

"అప్పుడైనా సెప్పీసుంటే బాగున్ను" అంటున్నాడు మెల్లగా. "ఒక్కపూటైనా మంచి కన్నుతో ఉందును."

"కోపంగా ఉన్నాదేటి బావా?"

"ఉన్నాది."

"ఉండాలి."

"ఉండదేటి మరి" అని, "వరాలుకి తెలుసునా?" అంటున్నాడు.

"తెల్దు."

"దానికేటి తెలుసు?"

ఇది ఆ మొదటి సంగతి కంటే కష్టంగా ఉంది చెప్పడానికి. "నాన్నకి కళ్లు తొందరగా పోనాయని. అచ్చరాలైతే నాన్నకి సాటి లేరు గానీ, బొమ్మ పూర్తి సెయ్యలేకపోనాడని. దాని పిల్లలకీ అలాగే సెప్పింది."

ఆయన అటు తిరిగి గోడల వెంబడి ఆ ఖాళీ చట్రాలనే చూస్తున్నాడు. వాటి మధ్యలో ఎక్కడో ముందు ఎస్తేరమ్మగారి చెప్పుల చప్పుడు ఆగింది. ఆవిడ ఇంటి వరండా వచ్చేసింది, రిక్షా ఎప్పుడు ఆగిందో, మేమెప్పుడు దిగామో తెలియలేదు. ఆవిడ గొడుగు ముడిచి, రెండు చేతులూ చాపి నిలబడ్డారు.

"తెచ్చావా కూర్మారావూ?"

"తెచ్చినానమ్మా. కొద్దిగా పని మిగిలిపోనాది."

దుప్పటి విప్పుతున్నాడు. నాకు చూడాలని లేదు, గీకేసిన గుడ్డ ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ విప్పేసరికి మోతి ఉంది, చెవులు, మెడ, ఆ తడి మెరుపుతో సహా, ఒక్క ఎడమకన్ను కిందే పొగలాంటి నలుపు. మా బావ జేబులోంచి కుంచె తీసి, నన్ను రమ్మని తల ఊపుతున్నాడు.

"సరిగ్గా ఎక్కడ పెట్టినావో సూపెట్టు."

"ఇక్కడ."

"వేలు పెట్టి సూపెట్టే. దూరంనుంచి సూపిస్తే నాకేటి తెలుస్తాది?"

"మళ్లీ అంటీసుకుంటాది బావా."

"అంటుకోనీ. ఈపాలి తెలిసే కదా."

నేను వేలు చాపుతున్నాను. ఆయన ఊపిరి నా చెవి పక్కన వినపడుతోంది, చుట్ట వాసన, అవిసెనూనె వాసన, రెండూ కలిసి. వేలు ఆనబోతుంటే బొమ్మలో మోతి రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది, ఎస్తేరమ్మగారు కూడా, ఆయన కూడా, ఎవరూ తొందరపెట్టడం లేదు. ఎడమకన్ను కింద వేలు ఆన్చాను. చల్లగా, తడిగా ఉంది.

"కదలకమ్మా, మందంతా బైటికి పోనాది!"

కళ్లు తెరిచాను. వెల్లవేసిన పైకప్పు, తిరుగుతున్న ఫ్యాను, మీదికి వంగిన మా వరాలు మొహం. మధ్యాహ్నం భోజనం చేసి అలాగే పడుకుండిపోయాను. నాకు శుక్లాల ఆపరేషనై పదకొండో రోజు, మూడుపూటలా కంట్లో మందు వేస్తోంది అది. వేసిన మందు కంట్లో పడకుండా నా ఎడమకన్ను కింద పడి, అక్కడే చల్లగా నిలిచింది.

"నిద్దట్లో ఏటలా సెయ్యి సాపినావు? సరీగా కన్ను కిందే వేలెట్టుకుంటన్నావు, గీరుకుంటే ఇంకేటైనా ఉందా?" అని విసుక్కుంటూనే, సీసా మళ్లీ పైకెత్తింది. ఆ తరవాత జాలిపడింది. "మనింట్లో అందరికీ ఈ కళ్లే వొచ్చి పడ్డాయి. నీకు డెబ్బై దాటినాకైనా వొచ్చినాది. పాపం నాన్నకి యాభై నిండకుండానే పోనాయి, ఆ కుక్కబొమ్మ ఒక్కటీ పూర్తి సేసుకోనేకపోనాడు."

నేను సీసా పట్టుకున్న దాని చేతిని పక్కకి తోశాను.

"ఏటమ్మా?"

"ఆ సీసా కింద పెట్టి, కూకో."

"ముందు మందెయ్యనీ."

"కూకోయే వరాలూ" అన్నాను. మందు చెంప మీదుగా చెవిలోకి జారుతోంది, తుడుచుకోలేదు. "మీ నాన్న ఆ బొమ్మ పూర్తి సేసినాడు. నాను సూసినాను."